ఫొటో చూడకుండానే ‘ఫుల్ ఫ్రేమ్ కొను’ అనొద్దు: లెక్కలతో మాట్లాడుకుందాం

తొలకరి

మన ఈ ఫొటోల ఫోరంలో జాతర ఫొటోలూ పెళ్లి ఫొటోలూ పెట్టే కొత్తవాళ్ల పోస్టులు వరసగా ఓ పది చదవండి. చాలావాటిలో మొదటి వాక్యం ఒకటే: "నాది పాత క్రాప్ బాడీ, కిట్ లెన్స్, ఏమీ అనుకోవద్దు." బాడీ అంటే లెన్స్ కాక మిగతా కెమెరా, క్రాప్ అంటే అందులో వెలుగు పట్టే సెన్సర్ చిన్నదని, కిట్ లెన్స్ అంటే కెమెరాతో పాటు వచ్చేది. ఫొటో పెట్టకముందే క్షమాపణ. కింద మొదటి జవాబు "ఏం బాడీ?" రెండోది "ఫుల్ ఫ్రేమ్‌కి వెళ్లిపో", అంటే పెద్ద సెన్సర్ ఉన్న బాడీకి. నాలుగో జవాబుకల్లా రెండు కంపెనీల వాళ్లు తిట్టుకోవడం మొదలవుతుంది. ఫొటో పెట్టిన మనిషి మళ్లీ కనపడరు.

బోనం ఎత్తుకున్న అమ్మ ముఖం మీద వెలుగు ఏ పక్కనుంచి పడుతోంది? వెనకున్న కరెంటు స్తంభం సరిగ్గా ఆమె నెత్తిమీది కుండలోంచి మొలిచినట్టు ఎందుకొచ్చింది? ఒక్క అడుగు ఎడమకి జరిగితే సరిపోయేదా? ఈ మాట అడిగేవాళ్లే లేరు. బాడీ మార్చినంత మాత్రాన ఆ స్తంభం పోదు కదా.

ఒకటి అడుగుతున్నాను. ఎవరికైనా ఏదైనా కొనమని చెప్పాలంటే ముందు మూడు సంగతులు రాయండి: ఆ ఫొటోలో చెడింది ఏమిటి, ఎందుకు చెడింది, మీరు చెప్పే వస్తువు దాన్ని ఎంత బాగుచేస్తుంది. "ఎంత" అన్నదానికి అంకె ఉండాలి. స్టాపుల్లోనో (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు కావడమో సగం కావడమో), పిక్సెళ్లలోనో.

లెక్కల మాస్టారు

అంకెలు నేను మొదలుపెడతాను. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36×24 ఎంఎం, అంటే 864 చదరపు ఎంఎం. 1.5 క్రాప్ బాడీల్లో సుమారు 23.5×15.6, అంటే 367 దగ్గర. నిష్పత్తి 2.3 రెట్లు, స్టాపుల్లో 1.2. ఇంకా చిన్న సెన్సర్ రకం మైక్రో ఫోర్ థర్డ్స్ 17.3×13, అంటే 225. ఫుల్ ఫ్రేమ్‌తో తేడా దాదాపు రెండు స్టాపులు.

ఒకే తరం సెన్సర్లు, ఒకే ఎఫ్ నంబరు (లెన్స్ రంధ్రం ఎంత తెరుచుకుందో చెప్పే అంకె, చిన్నదైతే రంధ్రం పెద్దది), ఒకే షట్టర్ (వెలుగు పడే సమయం) అయితే తేడా ఇంతే. దీన్ని "ఏమీ తేడా లేదు" అనడం తప్పు. "క్రాప్ అంటే బొమ్మ కెమెరా" అనడం అంతకంటే పెద్ద తప్పు.

గొడవలు ఎక్కువగా సగం లెక్క దగ్గరే పుడతాయి. 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్‌ని క్రాప్ మీద పెట్టి "75 ఎంఎం ఎఫ్ 1.8 అయింది" అంటారు. చూపు కోణం వరకు 75 నిజమే. కానీ వెనక మసకా, సెన్సర్ మొత్తం మీద పడే వెలుగూ ఫుల్ ఫ్రేమ్ మీద 75 ఎంఎం ఎఫ్ 2.7 ఇచ్చేదానితో సమానం. గుణిస్తే రెండింటినీ 1.5తో గుణించాలి. ఎక్స్‌పోజర్ (ఫొటో ఎంత వెలుతురుగా వస్తుందన్నది) మాత్రం మారదు: ఎఫ్ 1.8 పెడితే షట్టర్, ఐఎస్ఓ (అందిన వెలుగుని కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) ఏ సెన్సర్ మీదైనా అవే. ఒకళ్లు ఎక్స్‌పోజర్ గురించీ, ఇంకొకళ్లు మసక గురించీ మాట్లాడుతూ ఇద్దరూ ఒకే విషయం అనుకుని పోట్లాడుకుంటారు.

మండపం కెమెరా

లెక్కలు ఒప్పుకుంటా మాస్టారూ. కానీ రాత్రి రెండు గంటల ముహూర్తానికి ఈ లెక్కలు చాలవు. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం మళ్లీ రాదు. డబ్బులు తీసుకుని పెళ్లి తీసేవాళ్లు ఫుల్ ఫ్రేమ్ లేకుండా ఒప్పుకోవడం తప్పని నేను గట్టిగానే అంటాను. కొత్తవాళ్లకి ఇది కటువుగా అనిపించినా వాళ్ల మంచికే చెప్తున్నాం.

ఇందూరు లెన్స్

అన్నా, ఆ మండపం వెలుగులోనే లెక్క చూద్దాం. మామూలు ఫంక్షన్ హాల్ల, వీడియోవాళ్ల లైటు నేరుగా పడని జాగల, ఎఫ్ 2.8, షట్టర్ 1/125 సెకను, ఐఎస్ఓ 3200 దగ్గర ఎక్స్‌పోజర్ సరిపోతదనుకో. కిట్ లెన్స్ 55 దగ్గర ఎఫ్ 5.6 దాటి తెరుచుకోదు. గదే వెలుగుల ఐఎస్ఓ 12,800 పెట్టాలె. గడ్ల 50 ఎంఎం ఎఫ్ 1.8 ప్రైమ్ పెడితే ఐఎస్ఓ 1,250 చాలు. కిట్ నుంచి ప్రైమ్‌కి తేడా 3.3 స్టాపులు. క్రాప్ నుంచి ఫుల్ ఫ్రేమ్‌కి తేడా 1.2.

ఇంకో లెక్క. ఫుల్ ఫ్రేమ్ కొని, పైసలు అయిపోయి దానికి ఎఫ్ 4 జూమ్ తగిలించినోని కంటే క్రాప్ మీద ఎఫ్ 1.8 పెట్టినోని సెన్సర్ మీద మొత్తం వెలుగు ఒక స్టాపు ఎక్కువనే పడ్తది. 4 ని 1.8తోని భాగించి వర్గం చేస్తే 4.9, దాన్ని 2.3తోని భాగిస్తే 2.1. అందుకే "ముందు బాడీ మార్చు" అంటే చానామందికి ఉల్టా సలహా అయితది. ఉన్న బాడీకి ఒక ప్రైమ్ చెప్పాలె. గాని ప్రైమ్‌తోని జూమ్ ఉండదు, మనమే ముందటికీ ఎన్కకీ నడవాలె. పురోహితుని పక్కన జాగ లేకపోతే 50 కుదరదు, క్రాప్ మీద 35 గావాలె.

చీకటిగది

"ఫుల్" అన్న మాటే చాలామందిని తప్పుదోవ పట్టిస్తోంది. 1925లో లైకా కెమెరా అమ్మకానికి వచ్చినప్పుడు ఈ 24×36 ఎంఎం సైజుని మినియేచర్ అనేవారు. పత్రికలవాళ్ల చేతుల్లో అప్పుడు ప్లేట్లూ, షీట్ ఫిల్మూ ఉండేవి. 4×5 అంగుళాల షీటు వైశాల్యం ఈనాటి ఫుల్ ఫ్రేమ్‌కి దాదాపు 15 రెట్లు. ఫిల్మ్ కెమెరాల కోసం అప్పటికే అమ్ముడైన లెన్సులు డిజిటల్ బాడీ మీద పూర్తి కోణంతో పనిచేస్తాయి కాబట్టి ఆ సైజుకి "ఫుల్" అని పేరొచ్చింది. అది ప్రమాణం అయింది లెన్సుల వల్ల, కంటికి కావలసిన కనీస నాణ్యత అదే అని కాదు.

ఇక నూరు శాతం జూమ్ చేసి "నాయిస్ చూడు, మెత్తగా ఉంది చూడు" అనేవాళ్ల సంగతి. నాయిస్ అంటే ఫొటోలో రవ్వలా కనపడే చుక్కలు. 24 మెగాపిక్సెల్ ఫొటో 6000×4000. మామూలు 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో అంగుళానికి దాదాపు 92 పిక్సెళ్లు. అంటే నూరు శాతంలో చూడటం 65 అంగుళాల వెడల్పు ప్రింట్‌ని, దాదాపు అయిదున్నర అడుగుల దాన్ని, అడుగున్నర దూరంలో కూర్చుని చూడటం. అంత ప్రింట్ ఎవరు వేయిస్తున్నారు? పైగా 24, 45 మెగాపిక్సెళ్లని నూరు శాతంలో పక్కపక్కన పెట్టడం సరైన పోలిక కాదు. రెండోది ఏడున్నర అడుగుల ప్రింట్ అవుతుంది. రెండింటినీ ఒకే కొలతకి దించి చూడాలి.

ఆల్బమ్ షీటు 12×36 అంటే ఒక పేజీ 12×18. పేజీ నిండా ఒకే ఫొటో వేసినా 300 డీపీఐకి (అంగుళానికి 300 చుక్కలు) 19.4 మెగాపిక్సెళ్లు, 240కి 12.4. ఫోన్‌లో చూసే 1080×1350 పోస్టు ఒకటిన్నర మెగాపిక్సెల్ కూడా కాదు. 24ని అక్కడికి దించితే ఒక్కో కొత్త పిక్సెల్‌లో దాదాపు 16 పాతవి కలుస్తాయి, నాయిస్ నాలుగో వంతుకి పడిపోతుంది. ఐఎస్ఓ 6400 ఫొటో ఫోన్‌లో శుభ్రంగా కనపడేది అందుకే.

మండపం కెమెరా

కిట్ లెన్స్ వాళ్ల మీద ఫుల్ ఫ్రేమ్ రుద్దడం సరికాదని ఒప్పుకుంటున్నా. నా మాట ఇలా మార్చుకుంటా: డబ్బులు తీసుకునే పనికి సెన్సర్ సైజు కంటే ముందు చూడాల్సినవి రెండున్నాయి. ఒకటి, రెండు కార్డులు పెట్టుకునే బాడీ. కార్డు పోతే తాళి కట్టే ఫొటో మళ్లీ తీయలేం. రెండు, మసక వెలుగులో కన్ను పట్టుకునే ఆటోఫోకస్. పాత డీఎస్ఎల్ఆర్‌లలో (లోపల అద్దం ఉండే కెమెరాలు) ఫోకస్ పాయింట్లలో మధ్యది ఒక్కటే చీకట్లో నమ్మకంగా పనిచేస్తుంది. దాంతో ఫోకస్ చేసి ఫ్రేమ్ జరిపేసరికి ఎఫ్ 1.8 దగ్గర కన్ను తప్పిపోతుంది. ఈ రెండూ ఉన్న క్రాప్ బాడీ ఉంటే నాకు అభ్యంతరం లేదు. ఇవి కావాలనడాన్ని మాత్రం "గేర్ పిచ్చి" అనకండి. ఆ మాట కూడా ఇక్కడ తిట్టులాగే వాడుతున్నారు.

తొలకరి

సరైన మాట. "నువ్వు కొన్నది దండగ" అనడం కూడా "నువ్వు కొననందుకు పనికిరావు" అనడం లాంటిదే.

వైరింగ్ మనిషి

ఇందూరు గారూ, మీ 1/125 మార్చండి. మన కరెంటు 50 హెర్ట్జ్, ట్యూబులూ చవకరకం ఎల్‌ఈడీలూ సెకనుకి 100 సార్లు హెచ్చుతగ్గులవుతాయి. 1/100 పెడితే ఒక పూర్తి విడత, 1/50 పెడితే రెండు పడతాయి, ప్రతి ఫ్రేమూ ఒకేలా వస్తుంది. 1/125 దగ్గర స్వల్పంగా, 1/250 దాటితే స్పష్టంగా, ఒక ఫ్రేమ్ పచ్చగా ఇంకోటి చీకటిగా వస్తుంది. అది చూసి "కలర్ సైన్స్ బాలేదు, కంపెనీ మార్చు" అని సలహా ఇచ్చేవాళ్లని ఇక్కడే చూశాం. కంపెనీ ఏదైనా ఆ లైటు కింద అంతే.

స్టేజీ వెనక ఎల్‌ఈడీ గోడ ఉంటే అది వేరే సమస్య. దాని మినుకు ఇంకా వేగం. సెన్సర్‌ని వరస తర్వాత వరసగా చదివే ఎలక్ట్రానిక్ షట్టర్ పెడితే ముఖాల మీదుగా పట్టీలు పట్టీలుగా వస్తాయి. మెకానికల్ షట్టర్‌కి మార్చండి, 1/100కి దించండి.

ఇందూరు లెన్స్

నిజమే అన్నా. 1/100 పెడితే ఐఎస్ఓ 1,000కి దిగుతది, ఇంకా మంచిది.

కొత్తగా వచ్చాను

అందరికీ నమస్కారం. ఫొటో మెత్తగా వస్తే అది లెన్స్ లోపమా, బాడీ లోపమా, చేతి లోపమా ఎలా తెలుసుకోవాలండీ? "లెన్స్ మార్చు" అనే జవాబే ఎక్కువ వస్తోంది.

లెక్కల మాస్టారు

మంచి ప్రశ్న అడిగావమ్మా. ఫొటోని కొంచెం పెద్దది చేసి ఈ వరసలో చూడు.

మొదట చిన్న లైటు చుక్కలు వెతుకు, సీరియల్ బల్బులైనా సరే. అన్నీ ఒకే దిక్కుకి చిన్న గీతల్లా సాగి ఉంటే చెయ్యి కదిలింది. 50 ఎంఎం క్రాప్ మీద చేత్తో పట్టుకుంటే 1/80 కంటే నెమ్మది వద్దు.

చుక్కలు గుండ్రంగా, మండపం స్తంభాలు నిటారుగా స్పష్టంగా ఉండి, తలంబ్రాలు పోసే చేతులు మాత్రమే చెదిరితే మనుషుల కదలిక. స్టెబిలైజర్ ఉన్న ఖరీదైన లెన్స్ దీన్ని ఆపలేదు. అది నీ చేతి వణుకు ఆపుతుంది, పెళ్లికూతురి చెయ్యి ఆపదు. గాల్లో బియ్యపు గింజలు నిలిచినట్టు రావాలంటే 1/500 దగ్గర ఉండాలి, లేదా ఫ్లాష్. నాలుగో వంతు పవర్‌లో ఫ్లాష్ వెలిగేది సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువసేపు, కదలికని ఆపేది అదే. హాల్ వెలుగు రెండు స్టాపులు తక్కువ పడేలా పెట్టుకోకపోతే గింజ వెనక తోకలాంటి మసక మిగులుతుంది. ఫ్లాష్‌ని పైకి తిప్పి కొట్టేముందు సీలింగ్‌కి గులాబీ గుడ్డ కట్టారేమో చూసుకో, చర్మం మొత్తం ఆ రంగెక్కుతుంది.

మూడోది, ఫోకస్ తప్పడం. దండలో మల్లెమొగ్గ ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత స్పష్టంగా ఉండి, కనురెప్ప వెంట్రుకలు కలిసిపోయి ఉంటే లెన్స్ బ్రహ్మాండంగా ఉందని అర్థం. ఫోకస్ దండ మీద పడింది. క్రాప్ మీద 50 ఎంఎం ఎఫ్ 1.8, మనిషి ఒకటిన్నర మీటర్ల దూరం అయితే స్పష్టంగా వచ్చే మందం 6 సెంటీమీటర్లు, ముందూ వెనకా కలిపి. దండకీ కంటికీ మధ్య దూరం అంతకంటే ఎక్కువే. ఎఫ్ 2.8కి దించితే దాదాపు 10 సెంటీమీటర్లు దొరుకుతుంది.

నాలుగోది, పగటి వెలుగులో ఎఫ్ 22 పెట్టేయడం. ఎఫ్ 16 దగ్గరే వెలుగు చుక్క 21 మైక్రాన్లకి వ్యాపిస్తుంది, 24 మెగాపిక్సెల్ క్రాప్‌లో పిక్సెల్ 4 మైక్రాన్లు కూడా లేదు. ఫ్రేమ్ అంతా సమానంగా మెత్తగా ఉంటే ఇది అనుమానించి ఎఫ్ 8తో మళ్లీ తియ్యి.

ఈ నాలుగూ కాకపోతేనే లెన్స్‌ని అనుమానించాలి.

ఆటపాక కొంగ

పక్షుల వాళ్ల సంగతి కొంచెం వేరు, ఇక్కడ లెక్క తిరగబడుతుంది. కొల్లేరులో ఆటపాక దగ్గర గూడబాతు చెట్టు మీదుంది, లెన్స్ 300 ఎంఎంకి మించి లేదు, దగ్గరికి వెళ్లలేం. 24 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్‌లో పిక్సెల్ 6 మైక్రాన్లు, 24 మెగాపిక్సెల్ క్రాప్‌లో 3.9. పక్షి మీద పడే పిక్సెళ్లు క్రాప్‌లో 2.3 రెట్లు ఎక్కువ. ఫుల్ ఫ్రేమ్ ఫైలుని కత్తిరిస్తే మిగిలేది 10 మెగాపిక్సెళ్లు, వెలుగు లాభం కూడా ఆ కత్తిరింపుతోనే పోతుంది. పొద్దున్నే పక్షులు తీసేవాళ్లకి "ఫుల్ ఫ్రేమ్ కొను" అని చెప్పేవాళ్లు ఆ డబ్బు 400 లేదా 600 ఎంఎం వైపు మళ్లించమని చెప్తే నిజంగా మేలు చేసినవాళ్లవుతారు.

కోఠి సర్వీస్

కొనాలనే తేలితే పాత లెన్స్ ఎట్ల చూడాలో రాస్త. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీల దుకాణం ముంగట నిలబడి చేసేటివే ఇవన్నీ.

లెన్స్ వెనక మూత తీసి, ఎపర్చర్ (లెన్స్ లోపలి రంధ్రం) పూర్తిగ తెరిచి, వెనకనుంచి తెల్ల టార్చి కొంచెం వాలుగ కొట్టు. సాలెగూడు తీరు సన్నటి పోగులు కనపడితే ఫంగస్. దుమ్ము నాలుగైదు రేణువులుంటే భయం లేదు, ఫొటోల కనపడది. ఎపర్చర్ రెక్కల మీద నూనె మెరిస్తే వద్దను, అవి నెమ్మదిగ మూసుకుంటయ్. మౌంట్ స్క్రూల తలలు గీరుకుని ఉంటే ఎవరో ఒకసారి విప్పిన్రు.

తరువాత ఎదురు బిల్డింగు తియ్యి, దూరంగ ఉన్నది. ఎపర్చర్ మొత్తం తెరిచి, నడుమ ఫోకస్ చేసి, ట్రైపాడ్ మీద, 2 సెకన్ల టైమర్, స్టెబిలైజర్ ఆపి. నాలుగు మూలలు చూడు. నాలుగూ ఒకే తీరు మెత్తగుంటే ఆ లెన్స్ స్వభావం. ఒక్క మూలనే మెత్తగుంటే లోపల గాజు పక్కకి జరిగింది, అది తీసుకోవద్దు.

పాత నికాన్ ఏఎఫ్-డీ లెన్సులు చవకగ దొరుకుతయ్ గాని, వాటిని తిప్పే ఫోకస్ మోటార్ బాడీల ఉండాలె. నికాన్ డీ3000, డీ5000 వరుస బాడీలల్ల అది ఉండది, కొత్త మిర్రర్‌లెస్ బాడీకి పాత లెన్స్ తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌ల గూడ ఉండది. చేత్తో తిప్పుకోవాలె. ఇది తెల్వక కొని, "లెన్స్ ఖరాబ్" అని దుకాణపోని మీద పడేటోళ్లున్నరు.

దాచుడు: మూత బిగుసుకునే ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, లోపల ఒక తేమ మీటర్. 40 నుంచి 50 శాతం నడుమ ఉంచాలె. సముద్రం పక్కనోళ్లకి ఇది తప్పనిసరి. బియ్యం పొయ్యకుండ్రి, దాని దుమ్ము లెన్స్‌ల పోతది.

ప్రీమియం ప్రైమ్

ఇదంతా కొనలేనివాళ్లకి చెప్పే ఓదార్పు. ఫుల్ ఫ్రేమ్ ఫైల్‌లో లోతు వేరు, ఆ రంగు వేరు. వాడినవాడికి ఒక్క చూపులో తెలుస్తుంది.

చీకటిగది

తెలిస్తే మంచిదే, పరీక్షించి చూద్దాం. మీ మాట అబద్ధమని నేను అనడం లేదు. పేరు కనపడకుండా చూసినా తెలుస్తుందా అన్నదే ప్రశ్న. పద్ధతి ఇది.

క్రాప్ మీద 35 ఎంఎం ఎఫ్ 2, ఫుల్ ఫ్రేమ్ మీద 50 ఎంఎం ఎఫ్ 3 దగ్గర (2.8 గానీ 3.2 గానీ). ట్రైపాడ్ కదపకుండా ఒకే దృశ్యం, రెండింటికీ 1/100. క్రాప్‌కి ఐఎస్ఓ 1600 అయితే ఫుల్ ఫ్రేమ్‌కి 3200 నుంచి 4000 వస్తుంది, అది మోసం కాదు, మసక సమానంగా ఉంచినందుకు కట్టే ధర. ఇవి అయిదు జతలు. ఇంకో అయిదు జతలు రెండింటికీ ఎఫ్ 2 పెట్టి తీయాలి, అక్కడ ఫుల్ ఫ్రేమ్‌కి ఆ 1.2 స్టాపుల లాభం పూర్తిగా ఇచ్చినట్టు. రా ఫైళ్లు (కెమెరా మెరుగులు దిద్దకుండా ఇచ్చేవి) ఒకే సాఫ్ట్‌వేర్‌లో, ఒకే గ్రే కార్డుతో (రంగులు సరిచూసుకునే బూడిద అట్ట) వైట్ బ్యాలెన్స్ చేసి, 8×12 ప్రింట్లు ఒకే ల్యాబ్‌లో ఒకే రోజు వేయించాలి. వెనక పెన్సిల్‌తో అంకె మాత్రమే. అంకెల చీటీ ఇంకొకరి దగ్గర.

పది జతల్లో ఏది ఫుల్ ఫ్రేమో చెప్పాలి. ఊరికే ఊహించినా సగటున అయిదు సరిపోతాయి. తొమ్మిది లేదా పది ఊహతో సరిపోయే అవకాశం 1024లో 11, అంటే వందకి ఒకటి. తొమ్మిది చెప్పినవాళ్ల మాట ఎవరైనా ఒప్పుకోవాల్సిందే. రెండో అయిదు జతల్లోనే ఎక్కువ సరిపోతే ఆ తేడా ఒకే ఎఫ్ నంబరు దగ్గర పెద్ద సెన్సర్‌కి దక్కే ఎక్కువ వెలుగు, ఎక్కువ మసకల నుంచి వచ్చింది, అది కూడా తెలిసినట్టే.

ప్రీమియం ప్రైమ్

సరే, నేను సిద్ధం. ప్రింట్లతో పాటు స్క్రీన్ మీదా పెట్టండి. మైక్రో ఫోర్ థర్డ్స్ కూడా కలపండి.

లెక్కల మాస్టారు

కలిపితే దాని 4:3 ఫ్రేమ్‌ని 3:2కి కత్తిరించాలి, లేకపోతే ఆకారం చూసే చెప్పేయొచ్చు. కత్తిరించాక సెన్సర్ తేడా ఇంకాస్త పెరుగుతుంది, ఆ సంగతి ముందే రాసుకోండి.

వైరింగ్ మనిషి

స్క్రీన్ మీద పెట్టేటప్పుడు ఫైల్‌లోంచి కెమెరా పేరు తీసేయడానికి ఎగ్జిఫ్‌టూల్ అనే సాఫ్ట్‌వేర్‌తో మొత్తం సమాచారం తుడిచేస్తారు. అక్కడ రెండు పొరపాట్లు జరుగుతాయి. కలర్ ప్రొఫైల్ (రంగులు ఎలా చూపాలో చెప్పే సమాచారం) కూడా పోతుంది, అడోబీ ఆర్‌జీబీ అనే రంగుల పద్ధతిలో ఎగుమతి చేసిన ఫైళ్లు వెలిసిపోయినట్టు కనపడతాయి. ముందు అన్నీ మామూలు స్క్రీన్లు వాడే ఎస్‌ఆర్‌జీబీకి మార్చి అప్పుడు తుడవండి. నిలువు ఫొటోల దిశ గుర్తు కూడా పోతుంది, కెమెరా జేపెగ్‌లు పక్కకి పడుకుంటాయి, ఎగుమతి చేసినవి పడుకోవు. ఆ తేడా చూసే ఎవరిదేదో చెప్పేయొచ్చు. అన్నీ ఒకే సాఫ్ట్‌వేర్ నుంచి, ఒకే వెడల్పుకి ఎగుమతి చేయండి. ఫైలు పేర్లలో కెమెరా పెట్టిన అక్షరాలు ఉంటాయి, అవీ మార్చాలి.

కొత్తగా వచ్చాను

గ్రే కార్డు లేకపోతే తెల్ల ఏ4 కాయితం చాలా అండీ?

చీకటిగది

చాలదమ్మా. ఆ కాయితంలో తెల్లగా మెరవడానికి కలిపే పదార్థం ఎండలో, కొన్ని లైట్ల కింద నీలంగా వెలుగుతుంది. కెమెరా దాన్ని సరిచేయబోయి ఫొటోని పసుపు వైపు లాగుతుంది. ప్లంబర్లు వాడే తెల్ల టెఫ్లాన్ టేపు ఒక అట్టముక్క మీద వెనకది కనపడనంత మందంగా, పది పన్నెండు పొరలు చుట్టు. ముఖం ఉండే చోటే, ముఖం చూసే దిక్కుకే పట్టుకుని ఒక ఫ్రేమ్ తియ్యి. మరీ తెల్లగా కాలిపోకుండా ఎక్స్‌పోజర్ ఒక స్టాపు తగ్గించు.